ఆధారాల పట్టికలో ఇంటిపేర్లు

ఆదివారం, బరంపురం.

సెలవు దినమంతా వ్యాసం చివర ఉండే ఆధారాల పట్టికకే సరిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా రెండుగా చీలిన కాలంలో ఇక్కడి భాషల మీద జరిగిన కృషి గురించి రాసిన వ్యాసమిది. సమీక్షకులు విషయం మీద పెద్దగా అభ్యంతరం చెప్పలేదు గాని, ఆధారాలన్నింటినీ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడవ కూర్పు పద్ధతిలోకి మార్చి పంపమని పత్రిక సంపాదకులు కోరారు. చరిత్ర చదువుకున్న నాకు అలవాటైనది షికాగో వారి పాదసూచికల పద్ధతి. పుట అడుగున సావకాశంగా నాలుగు మాటలు చెప్పుకొనే వీలు అందులో ఉంది. రచయిత పేరు, సంవత్సరం తప్ప మరేమీ అడగని ఈ పద్ధతి మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ అవసరానికి తయారు చేసుకున్నది.

కామాలు, చుక్కలు, వాలు అక్షరాలు మార్చడం విసుగు పుట్టించే పనే గాని కష్టమైనది కాదు, దాన్ని చాలావరకు జొటెరో అనే ఆధారాలు కూర్చే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. పేరులోని చివరి మాట ఇంటిపేరు అన్న నమ్మకం మీద ఈ పద్ధతి మొత్తం నిలబడి ఉంది. మా జిల్లాలో ఒడియావారికి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. సాహు, పండా, మహాపాత్ర వంటి ఇంటిపేర్లు చివరనే ఉంటాయి కాబట్టి వాటిని ముందుకు తెచ్చి, తక్కిన పేరును పొడి అక్షరాలు చేస్తే పని ముగుస్తుంది. అదే వీధిలో ఉండే తెలుగువారి ఇంటిపేరు మొదట ఉంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. ఈ ఊళ్ళోనే 1894లో పుట్టిన మాజీ రాష్ట్రపతి వి. వి. గిరి గారిని గ్రంథాలయాల కేటలాగులు ‘గిరి, వి. వి.’ అనే చూపుతాయి. ఆయన ఇంటిపేరు వరాహగిరి; అది మొదటి ‘వి’లో దాగిపోగా, సొంత పేరులోని ‘గిరి’ ఇంటిపేరు స్థానంలో కూర్చుంది.

నా వ్యాసానికి ప్రాణమైన గిడుగు వెంకట రామమూర్తి గారి దగ్గర ఇదే చిక్కు ఇంకొంచెం ముదిరింది. పర్లాకిమిడిలో ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకొని, ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. తర్వాత వచ్చిన పరిశోధకుల్లో కొందరు ఆయనను ‘రామమూర్తి, జి. వి.’ అని, కొందరు ‘గిడుగు, వి. ఆర్.’ అని, మరికొందరు పంతులు అన్న గౌరవ పదాన్నే ఇంటిపేరుగా ఎంచి ‘పంతులు, జి. ఆర్.’ అని రాస్తే, పట్టికలో ఒకే మనిషి మూడు వేరువేరు అక్షరాల కింద ముగ్గురుగా కనిపిస్తాడు. జొటెరోలో పేరును రెండు గళ్ళకు బదులు ఒకే గడిలో నింపే వీలుంది. అలా నింపితే గిడుగు మొదటే నిలుస్తుంది గాని, వాక్యం మధ్యలో ఆధారం చూపించే ప్రతి చోటా పూర్తి పేరు పొడవునా పడుతుంది. చివరికి ‘రామమూర్తి, జి. వి.’ అనే ఉంచాను. ఇంగ్లీషు పుస్తకాల మీద ఆయన పేరు జి. వి. రామమూర్తి అనే ఉంది. పాఠకుడు ఏ గ్రంథాలయంలో వెతికినా ఆ రూపమే దొరుకుతుంది. మన సంప్రదాయం ప్రకారం సరిదిద్దబోయి పుస్తకం దొరకకుండా చేయడం నాకు సమ్మతం కాదు. పూర్తి పేరును వ్యాసంలో మొదటిసారి ప్రస్తావించిన చోట వివరంగా ఇచ్చాను. రావు సాహెబ్, కైజర్-ఇ-హింద్ వంటి బిరుదులను ఏపీఏ పద్ధతి ఎలాగూ పట్టికలోకి రానివ్వదు.

ఆ వ్యాకరణం శీర్షికలో ఇంకొక తిరకాసు ఉంది. సవరను సూచించే ‘సోర’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ‘ఓ’ తర్వాత ఆయన రెండు చుక్కలు పెట్టారు, అది దీర్ఘానికి గుర్తు. నేను దించుకున్న ఒక కేటలాగు నమోదులో దాన్ని ఉపశీర్షికకు ముందు వచ్చే విరామ చిహ్నంగా భావించి, తర్వాత ఖాళీ వదిలి, మిగిలిన ‘ర’ను పెద్ద అక్షరంతో మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా ఒక భాష ధ్వనులను చెవిన పట్టి రాసుకున్న మనిషి పుస్తకానికి ఇది మర్యాద కాదు, చేత్తోనే దిద్దాను.

మధ్యాహ్నం ముద్రణాలయాల వంతు వచ్చింది. ప్రచురణ స్థలం రాయనక్కరలేదని ఏడవ కూర్పు చెబుతోంది. నేటి పుస్తకాలకు అది మంచి నిర్ణయమే, ఒక్కొక్క సంస్థకు పది నగరాల్లో కార్యాలయాలు ఉన్నాయి. సరిహద్దు చరిత్ర రాసేవారికి మాత్రం ఇది నష్టం. వట్టి ‘గవర్నమెంట్ ప్రెస్’ అని ఉంటే అది ఏ ప్రభుత్వం? 1936కు ముందు మా జిల్లాకు మద్రాసు ప్రభుత్వం, తర్వాత కటకం నుంచి నడిచిన ఒరిస్సా ప్రభుత్వం. అందువల్ల ముద్రణాలయం పేరులోనే ఊరిని కలిపి ‘గవర్నమెంట్ ప్రెస్, మద్రాసు’ అని ప్రచురణకర్త స్థానంలో పూర్తిగా రాశాను. దీనికి సంపాదకులు ఒప్పుకోకపోతే వాదించడానికి సిద్ధంగానే ఉన్నాను.

మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్‌కు అంత గొడవ లేదు. 1882 నాటి పుస్తకాన్ని 1918లో మళ్ళీ అచ్చువేశారు. నేను పుట సంఖ్యలు తీసుకున్నది ఈ ప్రతి నుంచే కాబట్టి పట్టికలో 1918 వేసి, వ్యాసం లోపల రెండేళ్ళనూ గీత పెట్టి చూపాను.

తెలుగు కరపత్రాల తేదీలకు ఎక్కువ సమయం పట్టింది. కొన్నింటి మీద ‘ధాత సం.’ అని మాత్రమే ఉంది. ధాత 1936 ఉగాదితో మొదలై 1937 ఉగాది దాకా నడిచింది. కరపత్రం చైత్ర వైశాఖాల్లో అచ్చయితే 1936, మాఘంలో అచ్చయితే 1937. మాసం తెలిసినవాటికి సంవత్సరం నిర్ధారించి, తెలియనివాటికి కుండలీకరణంలో సుమారు అని సూచించాను. వాటి శీర్షికలను ఇంగ్లీషు లిపిలోకి మార్చి, పక్కన చదరపు కుండలీకరణాల్లో అర్థం ఇచ్చాను. అమ్మ భోజనానికి పిలిచి, “ఆ పేర్లు రేపు రాసుకోవచ్చు, లేవే” అన్నప్పుడు ఇంకా ఈ కరపత్రాల దగ్గరే ఉన్నాను.

సాయంత్రం పత్రిక వారి యంత్రం వ్యాసాన్ని పరీక్షించి, 1882 నుంచి 1938 దాకా ఉన్న పుస్తకాలన్నింటికీ ‘డీఓఐ లేదు’ అని ఎర్ర గుర్తులు పెట్టింది. డీఓఐ అంటే ప్రచురణకు ఇంటర్నెట్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. ఈ సంఖ్యలు 2000 సంవత్సరం నుంచి వాడుకలోకి వచ్చాయి; పాత పత్రికల వ్యాసాలకు వెనక్కి వెళ్ళి ఇస్తున్నారు గాని, మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన వ్యాకరణానికి నాకెక్కడా కనిపించలేదు. లేనిచోట ఏమీ రాయనక్కరలేదని ఏపీఏ నియమమే ఉంది. ఆ నియమాన్ని ప్రస్తావిస్తూ, ముద్రణాలయం పేరు గురించి, రామమూర్తి గారి పేరు గురించి ఒక్కొక్క వాక్యంతో సంపాదకులకు ఉత్తరం రాసి ఉంచాను. వ్యాసం లోపల చూపిన సంవత్సరాలను పట్టికతో ఒకసారి సరిపోల్చి రేపు పంపుతాను.