ఆ ఇంట్లో ఆమెకూ హక్కుంది

కంచరపాలెం, బుధవారం

కుట్టడానికిచ్చిన జాకెట్లు తెచ్చుకుందామని సాయంత్రం మా వీధి చివరి టైలరమ్మ దగ్గరకు వెళ్లాను. కుడి మణికట్టు వాచిపోవడంతో ఆమె ఎడమ చేతిని అడ్డంగా చాపి మిషన్ చక్రం తిప్పుతోంది. కుట్టు వంకర పోయినప్పుడల్లా విప్పి మళ్లీ కుడుతోంది. ఏమైందని అడిగితే దాచలేదు. రాత్రి భర్త చేయి మెలిపెట్టాడట, మిషన్ కూడా అమ్మేస్తానన్నాడట.

"ఇల్లు మా అత్త పేరు మీదుందమ్మా, పొమ్మంటే పోవాలి కదా. కేసు పెడితే ఆయన్ని జైల్లో ఏసేస్తారు. పిల్లల ఫీజులెవరు కడతారు?" అంది.

మన ఆడవాళ్ల నోరు నొక్కేస్తున్నవి దెబ్బల కన్నా ఈ రెండు భయాలేనని నా నమ్మకం. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహ హింస చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమె కాపురం చేస్తున్న ఇంట్లోంచి ఆమెను ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టే వీలు లేదు. అత్తమామల సొంత ఇంటికి కూడా ఈ రక్షణ వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పుట్టింటివారు కొనిచ్చిన ఆ మిషన్ ఆమె స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి, దాన్ని అమ్మకుండా కోర్టు ఆపగలదు. ఈ చట్టం కింద దరఖాస్తు పెట్టినంత మాత్రాన భర్తను జైలుకు పంపరు. ఆమె మీద చేయి చేసుకోకూడదని, పిల్లల పోషణకు డబ్బు ఇవ్వాలని మెజిస్ట్రేటు ఉత్తర్వులిస్తారు. రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. క్రూరత్వం కింద పోలీసు కేసు వేరు, అది పెట్టాలో వద్దో ఆమె ఇష్టం.

ఇవన్నీ చెబుతుంటే ఆమె మిషన్ ఆపి, "లాయరుకి డబ్బులో?" అని అడిగింది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచితంగా లాయరును ఇస్తారని చెప్పాను. వాయిదాలు పడతాయని, ఓపిక పట్టాలని కూడా చెప్పాను. లేనిపోని ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. "కాపురమన్నాక సర్దుకుపోవాలి" అని ఇన్నాళ్లూ ఆమెకు చెప్పిన పెద్దవాళ్లలో ఒక్కరైనా ఈ మాటలు చెప్పి ఉంటే ఆ చేయి ఇలా వాచేది కాదేమోనని కడుపు మండిపోయింది.

రాత్రి మళ్లీ గొడవైతే మహిళల సహాయ నంబరు 181కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయమన్నాను. రేపు విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చేయి చూపించి, ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు ఓపీ చీటీలో రాయించుకుంటుంది. సోమవారం ఆ ఉచిత లాయరు కోసం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు ఇద్దరం వెళుతున్నాం. పెళ్లి ఫొటో, ఆధార్ జిరాక్సులు అప్పటిదాకా మా బీరువాలో ఉంటాయి.