హోరులో దాగిన కూత

ఈ రోజు ఒక వినికిడి ప్రయోగంలో కూర్చున్నాను. తలకు హెడ్‌ఫోను, చేతిలో మీట. రెండు చెవుల్లోనూ వర్షంలాంటి ఒకే హోరు. అందులో ఎక్కడో సన్నగా 500 హెర్ట్జ్ కూత వినిపిస్తే మీట నొక్కాలి, అంతే పని.

మొదట కూత నిడివి 300 మిల్లీసెకన్లు. సులువుగానే పట్టుకున్నాను. తర్వాత అదే తీవ్రతతో 20 మిల్లీసెకన్లకు కుదించారు. ఇక ఎక్కడుందో! ఊహించి నొక్కాను, చాలావరకు తప్పులే. చెవి శబ్దాన్ని కొంతసేపు కూడబెట్టుకుంటుందట. సుమారు 200 మిల్లీసెకన్ల దాకా, నిడివి రెట్టింపైనప్పుడల్లా దాదాపు 3 డెసిబెల్స్ తక్కువ తీవ్రత సరిపోతుంది. ఆపైన ఎంత సాగదీసినా పెద్ద లాభం లేదు.

అసలు వింత ఆ తర్వాతే. కుడి చెవిలో కూత అలను మాత్రం తలకిందులు చేశారు. ఎడమవైపు అల పైకి లేచే క్షణంలో కుడివైపు కిందికి దిగుతుంది. హోరు మారలేదు, తీవ్రతా పెంచలేదు. అయినా ఇందాక దొరకని ఆ పొట్టి కూత హోరు నుంచి విడివడి, తల లోపల రెండు పక్కలకూ పరుచుకున్నట్టు వినిపించింది. ఇలాంటి మంద్ర స్వరాలకు ఈ లాభం 15 డెసిబెల్స్ దాకా ఉంటుందని, 1948లోనే దీన్ని గమనించారని చెప్పారు. కీచు స్వరాలకైతే రెండు మూడు డెసిబెల్సే.

చివర్లో కూత, హోరు రెండూ ఎడమ చెవికే ఇచ్చారు. హోరు తప్ప ఏమీ వినబడలేదు. కుడి చెవిలో కూడా అదే హోరు కలిపారు. మరింత రొద పోస్తే కూత బయటపడింది! నవ్వు ఆపుకోలేక మీట నొక్కడమే మరిచిపోయాను.