పాత ల్యాప్‌టాప్ తెర నల్లబడితే
ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. గ్రాఫిక్స్ చిప్ పోయిందేమోనని టెన్షన్. వీజీఏ కేబుల్‌తో బయటి మానిటర్‌కి కలిపితే బొమ్మ శుభ్రంగా వచ్చింది. హమ్మయ్య, చిప్ క్షేమం.

తర్వాత లైట్లు ఆర్పి, తెర మీద టార్చ్ ఏటవాలుగా వేశాను. ఐకాన్లు లీలగా కనిపించాయి! ప్యానెల్ పని చేస్తూనే ఉంది, వెనక వెలుగే లేదు.

ఇది ఎల్‌ఈడీలకు ముందు తరం. తెర వెనక సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబ్, దానికి వందల వోల్టులిచ్చే ఇన్వర్టర్ బోర్డు ఉంటాయి. ట్యూబ్ అరిగిపోతుంటే చాలాసార్లు తెర ముందు ఎర్రబారుతుంది. నాకలా కాలేదు కాబట్టి ఇన్వర్టర్ మీదే అనుమానం. (మూత కదిపినప్పుడు మినుకుమంటుంటే మాత్రం కీలు దగ్గరి కేబుల్ చూడాలి.)

ఛార్జర్, బ్యాటరీ రెండూ తీసేశాకే విప్పాను. అదే పార్ట్ నంబరు బోర్డు పెట్టగానే వెలిగింది. బోర్డు కన్నా తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులే ఎక్కువ ఏడిపించాయి.