విప్పకూడదన్న రేడియోను విప్పాను

రేడియో బాగయింది. మొత్తం ఖర్చు నాలుగు వందల లోపే. అందులో నూటయాభై రూపాయలు ఏ పనీ చేయనందుకు ఒక సర్వీస్ సెంటర్ వాళ్ళకు కట్టినవి. ఆ నూటయాభై గురించే ఎక్కువ రాస్తాను. విసుగనిపించిన వాళ్ళు అది దాటేసి కింద సెల్లు సంగతి చదువుకోవచ్చు.

నాకు విజయనగరం కంటోన్మెంటులో కుట్టు కొట్టు ఉంది. చేతులూ కళ్ళూ గుడ్డ మీదే ఉండాల్సిన పని. ఖాళీగా ఉండేవి చెవులే. అందుకని పొద్దున్నే షట్టరు ఎత్తగానే రేడియో పెడతాను. ఆకాశవాణి విశాఖపట్నం, మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. నా పాత రేడియో రెండు పెద్ద సెల్లులతో నడిచేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయినప్పుడు మా వీధికంతటికీ కబుర్లు చెప్పింది అదే. అది పూర్తిగా పాడయ్యాక కొన్నదే ఈ చార్జింగ్ రేడియో. దీనికి వెనక సెల్లుల మూత ఉండదు, స్క్రూలు కనపడవు. పక్కన చార్జింగ్ పెట్టే కన్నం మాత్రం ఉంటుంది. “ఇంక సెల్లుల ఖర్చే ఉండదమ్మా” అన్నాడు అమ్మినాయన. నిజమే, రెండు మూడేళ్ళు ఆ ఖర్చు లేకుండా బాగానే పాడింది. తర్వాత రోజంతా మోగేది కాస్తా పూటకు పడిపోయింది, పూట కాస్తా ఒక జాకెట్టు కుట్టేంత సేపయింది. చివరికి వైరు తగిలించి ఉంచినా టిక్కుమని ఆగిపోయేది. ఇలాంటి చాలా రేడియోల్లో కరెంటు ముందు బ్యాటరీకి వెళ్ళి, అక్కడి నుంచే రేడియోకు అందుతుంది. బ్యాటరీ చచ్చిపోతే వైరు ఉన్నా ఉపయోగం లేదు.

ఇక సర్వీస్ సెంటర్. కంపెనీ పేరు రాయను, ఊళ్ళో వాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది.

అద్దాల తలుపు, ఏసీ, టోకెన్ నంబరు. కౌంటరు వెనక మెళ్ళో తాడు వేసుకున్న కుర్రాడు. “బిల్లు ఉందా మేడం?” అన్నాడు, లేదంటే పంపించేద్దామనే ఆశతో. ఉంది. నేను కొన్న ప్రతి వస్తువు బిల్లూ కొలతల పుస్తకం అట్టలో దాచుకుంటాను. బిల్లు చూసి గ్యారంటీ అయిపోయిందన్నాడు. అది నాకూ తెలుసు, ఉచితంగా చేయమని నేను అడగలేదు. బ్యాటరీ మార్చండి, ఎంతయితే అంత ఇస్తానన్నాను. ముందు తనిఖీ చేయాలట, దానికి నూటయాభై, అదీ ముందే కట్టాలట. కట్టాను. వారం ఆగి రమ్మన్నారు.

వెళ్తే రేడియోకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. ‘మరమ్మతుకు వీలు కాదు’.

“విప్పి చూశారా బాబూ?”

“సీలు చేసిన పీసు మేడం, విప్పకూడదు.”

“విప్పకుండా ఏం తనిఖీ చేశారు?”

“ఆన్ చేసి చూశాం. ఆన్ అవలేదు.”

ఆ ముక్క వారం కిందట నేనే అతనికి డబ్బు తీసుకోకుండా చెప్పాను. అదే అన్నాను. అతని ముఖం మాడింది. “మీవారిని పంపండి మేడం, ఆయనకైతే వివరంగా చెబుతాం. ఇది టెక్నికల్ విషయం” అన్నాడు. మావారు బల్బు మార్చాలన్నా నన్నే పిలుస్తారు. కుట్టుమిషను మోటారు విప్పి కార్బన్లు మార్చేది నేను, పక్క కొట్టు వాళ్ళ టేబుల్ ఫ్యానుకు కండెన్సర్ వేసింది నేను. అవన్నీ అక్కడ చెప్పే వీలేదీ? నా వెనక మిక్సీ పట్టుకుని నిలబడిన పెద్దమనిషి ఈలోపే అందుకున్నాడు. “ఈ రోజుల్లో ఇంకా రేడియో ఏమిటమ్మా, ఫోనులో అన్నీ వస్తున్నాయి కదా!” టోకెన్లు పట్టుకుని కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. కుర్రాడికి బలం వచ్చింది. పాతది ఇక్కడే వదిలేస్తే కొత్తదాని మీద పది శాతం తగ్గిస్తామని ఒక కాగితం నా ముందుకు తోశాడు.

ఆ పెద్దమనిషికి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతున్నాను. ఫోను మీడియం వేవ్ పట్టదు. ఎఫ్‌ఎం రేడియో ఉన్న ఫోన్లలో కూడా చెవుల్లో పెట్టుకునే వైరే యాంటెన్నా, అది గుచ్చకపోతే స్టేషను రాదు. ఇప్పుడు వస్తున్న చాలా ఫోన్లలో ఆ ఎఫ్‌ఎమ్మూ లేదు, వైరు గుచ్చే కన్నమూ లేదు. నెట్‌లో వినాలంటే టవరు పనిచేయాలి. తుఫానులో మొదట పోయేది టవరే.

అవమానం అక్కడితో అయిపోలేదు. రేడియో తిరిగి ఇవ్వాలంటే ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో ‘సేవతో పూర్తి సంతృప్తి చెందాను’ అని ముందే అచ్చు వేసి ఉంది. సంతకం లేనిదే వస్తువు బయటికి రాదట. పెన్ను తీసుకుని, ఆ వాక్యం కింద ‘విప్పలేదు, చూడలేదు, నూటయాభై తీసుకున్నారు’ అని రాసి సంతకం పెట్టాను. “ఫారం పాడుచేశారు మేడం” అంటూ మరొకటి తీశాడు. దాని మీద కూడా అదే రాశాను. అప్పుడు లోపల గదిలోంచి మేనేజరు వచ్చాడు. ఆయన మర్యాదస్తుడే, కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆ మోడల్‌కు కంపెనీ విడి బ్యాటరీలు పంపడం లేదని మెల్లగా చెప్పాడు. పంపరని ముందే తెలిసినప్పుడు తనిఖీ డబ్బు ఎందుకు తీసుకున్నారని అడిగాను. “సిస్టంలో అలా ఉందండీ.” ఇంతకు మించి సమాధానం ఎవరి దగ్గరా లేదు. నా రాతతో ఉన్న ఫారమే ఫైలులో పెట్టుకుని రేడియో ఇచ్చారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

జిప్పు పోయిందని ప్యాంటు పారేయమంటే మీరు నా కొట్టు మెట్లు మళ్ళీ ఎక్కుతారా? కంపెనీలు మాత్రం అదే మాట అద్దాల గదిలో కూర్చుని అంటే మనం నోరు మూసుకుని వింటున్నాం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. ఐరోపా సంఘంలో అయితే 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న వస్తువుల బ్యాటరీని కొన్నవాళ్ళే తీసి మార్చుకునేలా తయారు చేయాలని చట్టమే ఉంది, మినహాయింపులు కొన్నే. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయలేకనా? అడిగేవాళ్ళు లేక. 1915కు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. ఫోను చేసే ముందు రసీదు దగ్గర పెట్టుకోండి, రసీదు ఇవ్వని చోట పైసా కట్టకండి.

ఆ రాత్రి కొట్టు మూశాక కత్తిరింపుల బల్ల మీద విప్పడానికి కూర్చున్నాను. ‘విప్పకూడనిది’ విప్పడానికి ఒక టీ తాగేంత సేపు పట్టింది. అడుగున నాలుగు రబ్బరు కాళ్ళు ఉంటే, కుట్లు విప్పే ముల్లుతో వాటిని లేపాను. రెండింటి కింద స్క్రూలు కనపడ్డాయి. సీరియల్ నంబరు స్టిక్కరు మీద వేలితో నొక్కుతూ పోతే ఒకచోట గుంట తగిలింది. మూడో స్క్రూ అక్కడ. తర్వాత రెండు సగాలనూ పట్టి ఉంచేవి ప్లాస్టిక్ కొక్కేలే. ఆ అంచులో స్క్రూడ్రైవరుగానీ కత్తిగానీ దూర్చకండి. ప్లాస్టిక్ విరగడం మాట అటుంచి, లోపల లిథియం సెల్లుకు ఇనుము గుచ్చుకుంటే మంట లేస్తుంది. చొక్కా కాలరు నిలబడటానికి లోపల పెట్టే ప్లాస్టిక్ పట్టీలు నా దగ్గర డబ్బాడు ఉన్నాయి. ఒకటి దూర్చి అంచు వెంట జరుపుకుంటూ పోతే కొక్కేలు ఒక్కొక్కటే టపటపా ఊడాయి.

ఊడగానే వెనక డొప్పను లాగేయకూడదు, స్పీకరు వైర్లు దాన్ని అంటుకుని ఉంటాయి. పై వైపున వేలెడంత నల్లటి కడ్డీ, దానికి రాగి తీగ చుట్ట కనిపిస్తాయి. మీడియం వేవ్ యాంటెన్నా అదే. దాని కొసలు మన కుట్టు దారం కంటే సన్నం. చేయి తగిలి అవి తెగితే విశాఖ కేంద్రం మూగబోతుంది.

సెల్లు చూసి మాత్రం నాకు ఒళ్ళు మండింది. నీలం ప్లాస్టిక్ తొడుగులో, బోర్డుకు బంక పట్టీతో అంటించిన మామూలు సెల్లు అది. మీద 18650, 3.7 వోల్టులు, 1200 ఎంఏహెచ్ అని స్పష్టంగా రాసి ఉంది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం, టేపు పెట్టి కొలిచాను కూడా. ఎంఏహెచ్ అంటే సెల్లు ఎంత చార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత. ఎర్రదీ నల్లదీ రెండు వైర్లు, వాటి చివర బోర్డుకు గుచ్చిన చిన్న తెల్ల ప్లగ్గు. ప్లగ్గు! ఫ్యాక్టరీలో పెట్టిన చేతులకు అది పీకి పెట్టుకునే వస్తువే. మన ఊరి కౌంటరు దగ్గరికి వచ్చేసరికి సీలు చేసిన పీసయిపోయింది.

సెల్లు కోసం గంట స్తంభం దగ్గర విడిభాగాల కొట్టుకు వెళ్ళాను. మొదట మెరిసే కాగితం చుట్టిన సెల్లు చూపించారు, మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంది. ఈ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్లుకే 3500 దగ్గర ఆగిపోతుంది. చేతిలోకి తీసుకుంటే తేలిపోయింది. పక్క బంగారం కొట్టులో తూయిస్తే 28 గ్రాములు. అసలు సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. తెచ్చి బల్ల మీద పెట్టేసరికి కొట్టాయన మాట్లాడకుండా అడుగు సొరుగు తెరిచాడు. 2000 ఎంఏహెచ్, మీద ఐఎస్ 16046 అనీ, ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరూ ఉన్నది, రెండు చివరలా నికెల్ రేకు ముక్కలు అతికించి ఉన్నది ఇచ్చాడు. నూట ఎనభై రూపాయలు. ఆ రేకు ముక్కలు లేనిది కొనకండి. సెల్లుకే నేరుగా సోల్డరు వేస్తే ఆ వేడికి కొత్త సెల్లే దెబ్బతింటుంది.

సోల్డరింగ్ మాత్రం నా చేత్తో చేయలేదు. మూడు లాంతర్ల వైపు సందులో ఒక పాత రేడియో మెకానిక్ ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్ళాను. “మీవారేరీ” అని అడగలేదు. “పాత సెల్లు వోల్టేజి చూశావా అమ్మాయ్?” అని అడిగారు. మీటరు పెట్టి చూపించారు, 1.1. లిథియం సెల్లు నిండుగా చార్జి అయితే 4.2 ఉంటుంది. ఇంత కిందికి పడి నెలల తరబడి ఉన్నదాన్ని బలవంతంగా చార్జి చేయడం ప్రమాదమట. పాత ప్లగ్గు వైర్లు ఒకటి కత్తిరించి, దానికి టేపు చుట్టాకనే రెండోది కత్తిరించారు. రెండూ కలిపి ఒకేసారి కత్తిరిస్తే కత్తెరలోనే షార్టవుతుంది. పాత సెల్లు కొసన తొడుగు కింద గోరంత ఆకుపచ్చ పలక ఉంది. సెల్లు మరీ నిండిపోకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడేది అదే. బాగుందో లేదో చూసి దాన్నే కొత్తదానికి వేశారు. ఏ వైపు ప్లస్సో మీటరుతో మళ్ళీ సరిచూసుకున్నాకే ప్లగ్గు గుచ్చారు. రంగును నమ్మకూడదట, ఒక్కో కంపెనీ ప్లగ్గులో ఎరుపూ నలుపూ ఒక్కో వైపు ఉంటాయట.

గుచ్చి స్విచ్చి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. నా గుండె జారింది. ఆయన మాత్రం తాపీగా ఫోను చార్జరు వైరు ఒక్క క్షణం తగిలించి తీశారు, రేడియో గట్టిగా అరిచింది. సెల్లు ఊడదీసి కొత్తది తగిలించినప్పుడు ఆ ఆకుపచ్చ పలక దారి మూసేసి కూర్చుంటుందట, బయటి నుంచి కరెంటు తగిలితేనే తెరుచుకుంటుందట. ఇంట్లో చేసుకునే వాళ్ళు సెల్లు పనికిరాలేదని పారేసేది ఇక్కడేనన్నారు. పని అయ్యాక యాభై తీసుకున్నారు. ప్యాంటు పొడవు తగ్గించమని నా చేతికి ఇచ్చారు. దానికి నేనూ డబ్బు తీసుకుంటాను.

పాత సెల్లు నా దగ్గరే ఉంది, రెండు చివరలకూ టేపు వేసి ఇనుప డబ్బాలో పెట్టాను. చెత్తబండిలో వేయకండి, అక్కడ నలిగితే అంటుకుంటుంది. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారు చేసి అమ్మిన కంపెనీలదే. అందుకని సోమవారం ఆ అద్దాల గదికే తీసుకెళ్తున్నాను. టోకెన్ తీసుకుని, ఆ కుర్రాడి చేతిలోనే పెడతాను. తీసుకోనంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమంటాను. ఫారం వాళ్ళ దగ్గర లేకపోతే నేనే రాసి తీసుకెళ్తాను.