పుచ్చుకుంటినమ్మ వాయనం

మొన్న వరలక్ష్మీ వ్రతం సాయంత్రం మా ఫ్లాట్‌కి పేరంటానికి వచ్చిన ఒకావిడ, ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో వాయనం కవరు అందుకుని "థాంక్సండీ" అంటూ లిఫ్ట్ వైపు వెళ్లిపోయింది. "ఇస్తినమ్మ..." అని మొదలుపెట్టిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

పాపం, ఆవిడ మర్యాదగానే అంది. కానీ అక్కడ కృతజ్ఞత చెప్పుకోవాల్సినదాన్ని నేను.

"ఇస్తినమ్మ వాయనం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి. చివర "నా వాయనం పుచ్చుకున్నదెవరు?" అని అడిగితే "నేనే శ్రీమహాలక్ష్మిని" అని జవాబు. ఆ ఒక్క మాట చూడండి. పొద్దున కలశంలో కూర్చోబెట్టుకున్న తల్లి, సాయంత్రానికి మూడో అంతస్తు నుంచి దిగొచ్చి, మన గుమ్మంలో చెప్పులు విడిచి కొంగు పట్టిందన్నమాట. అందుకే కాళ్లకు పసుపు రాసేదీ, చివర్లో దణ్ణం పెట్టేదీ ఇచ్చినవాళ్లే. మా వైజాగ్ బురుజుపేట గుడిలో కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తిన కప్పు లేదు, మన చేత్తో మనమే ఆవిడకి పసుపు కుంకుమ పెట్టుకుంటాం కదా. వాయనమూ అంత దగ్గరే. ఆ వేళ "అబ్బే, ఎందుకండీ ఇవన్నీ" అంటే అమ్మవారు వద్దన్నట్టు! కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేనూ అన్నాను. ఇంటికొచ్చాక మా అత్తగారు "పట్టమంటే కొంగు పట్టాలమ్మా, అక్కడ బేరాలేమిటి?" అన్నారు.

మరి ఇచ్చినవాళ్లను తలుచుకోవద్దా అంటారా? వ్రతకథలోనే ఉంది. పూజయ్యాక ఆడవాళ్లంతా ఇళ్లకు పోతూ, చారుమతి తానొక్కతే చేసుకోకుండా మనందరి చేతా చేయించిందని దారిలో చెప్పుకుంటారు. ఎదురుగా కాదు, ఆవిడ వినని చోట. ఏటా అక్షింతలు పట్టుకుని వింటాం, సరిగ్గా అక్కడికొచ్చేసరికి హారతి హడావిడి.

జాకెట్టు గుడ్డలు చేతులు మారుతాయని మాత్రం నాకు కోపం లేదు. పూర్ణా మార్కెట్‌లో నేను కొన్న ఆకుపచ్చ గుడ్డ రెండేళ్లు ఇళ్లన్నీ తిరిగి మళ్లీ నా కొంగులోనే పడింది. మూల కుంకుమ మరక చూసి గుర్తుపట్టి, కళ్లకద్దుకున్నాను. తిరగనివ్వండి.

ఇంకా శ్రావణ శుక్రవారాలున్నాయి. పేరంటానికి వెళ్తే ఫోన్ పర్సులో పడేయండి. రెండు చేతులా కొంగు పట్టి, గట్టిగా "పుచ్చుకుంటినమ్మ" అనండి. మాటలు రాకపోతే మా ఇంటికి రండి, నేనందిస్తాను. శనగలు ఆ రాత్రే ఉడకేసి తాలింపు పెట్టుకోండి. ఈ వైజాగ్ ఉక్కకి కవర్లో వదిలేస్తే తెల్లారేసరికి జిగురొచ్చేస్తాయి.