మా ఇంట్లో మొనేరో పబ్లిక్ నోడ్: నా అనుభవం

రెండేళ్లు ఫోన్‌లో మొనేరో (లావాదేవీల వివరాలు బయటికి కనపడనివ్వని క్రిప్టోకరెన్సీ) వాలెట్ వాడాను. ఆ రెండేళ్లూ నా వాలెట్ నడిచింది ముక్కూ మొహం తెలియని ఎవరో పెట్టిన రిమోట్ నోడ్ల మీదే, అంటే లావాదేవీల చిట్టా అంతా దాచుకుని వాలెట్లకు అందించే వాళ్ల కంప్యూటర్ల మీదే. కరెంటు వాళ్లది, డిస్కు వాళ్లది, నెట్ వాళ్లది, నా దగ్గర పైసా తీసుకోలేదు. మైనింగ్ (కంప్యూటర్ శక్తితో చిట్టాకు కొత్త బ్లాకులు చేర్చడం) చేసేవాళ్లకైతే కొత్త నాణేలు వస్తాయి గానీ నోడ్ నడిపేవాళ్లకు నెట్‌వర్క్ ఇచ్చేదేమీ లేదు. ఆ బాకీ కొంతైనా తీర్చాలనిపించి పోయిన ఏడాది హైదరాబాద్‌లో మా ఇంట్లోనే నేనూ ఒకటి పెట్టాను.

పాత లాప్‌టాప్‌లో ఉబుంటు వేసి, ఇంట్లో ఉన్న హార్డ్‌డిస్క్ మీదే బ్లాక్‌చెయిన్, అంటే ఆ చిట్టా మొత్తం, దించడం మొదలుపెట్టాను. అది పొరపాటు. 2014 ఏప్రిల్‌లో మొదలైన చెయిన్ ఇప్పటికి 200 జీబీ దాటింది, పైగా ఆ డేటాబేస్ అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదువుతూ రాస్తూ ఉంటుంది, తిరిగే డిస్కు ఆ వేగాన్ని అందుకోలేదు. ఆరు రోజులకు సగం కూడా కాలేదు. 1 టీబీ ఎస్ఎస్‌డీ కొన్నాక రెండు రోజుల్లో పూర్తయింది. చోటు తక్కువున్నవాళ్లు ప్రూనింగ్ (పాత డేటాలో కొంత తీసేయడం) పెట్టుకుంటే దాదాపు మూడో వంతుతో సరిపోతుంది, అలాంటి నోడ్ కూడా వాలెట్లకు పనికొస్తుంది.

అసలు తిప్పలు ఆ తర్వాత. రూటర్‌లో 18080 పోర్ట్ (మిగతా నోడ్లు నా నోడ్‌కి వచ్చే దారి) తెరిచాను, నోడ్‌లో స్టేటస్ కొడితే బయటికి 12 కనెక్షన్లు, లోపలికి సున్నా. రెండు రాత్రులు ఫైర్‌వాల్‌లో వెతికాను. చివరికి రూటర్ పేజీలో నా ఐపీ (నెట్‌లో అడ్రస్) 100.72తో మొదలవుతోందని చూశాక అర్థమైంది, అది నా ఒక్కడికి ఇచ్చిన ఐపీ కాదు, నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీని పంచుతోంది. మీ రూటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీదీ అదే పరిస్థితి, పోర్ట్ ఎంత తెరిచినా లాభం లేదు. కస్టమర్ కేర్‌లో నాలుగుసార్లు “రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్” అన్నారు, ఐదోసారి నేనే స్టాటిక్ ఐపీ కావాలని అడిగితే నెలనెలా అదనంగా కట్టమన్నారు. కట్టాను. ఆ సాయంత్రం లోపలికి 3, పడుకునేలోపు 19.

ఇక వాలెట్లకు తెరవడం. ఇక్కడ మాత్రం తొందరపడకండి. 18081 పోర్ట్ నోడ్‌కి ఆదేశాలిచ్చే దారి, ఇంటి యజమాని తాళంచెవి లాంటిది, దాన్ని అలాగే బయటికి తెరిస్తే ఎవరైనా మన మెషీన్ మీద మైనింగ్ మొదలుపెట్టొచ్చు, నోడ్‌నే ఆపేయొచ్చు. బయటివాళ్లకు ఇవ్వాల్సింది రిస్ట్రిక్టెడ్ ఆర్‌పీసీ (అలాంటి ప్రమాదకరమైన ఆదేశాలు పనిచేయని దారి), మామూలుగా 18089 పోర్ట్. అప్‌లోడ్‌కి కూడా ఒక హద్దు పెట్టాను, ఎందుకంటే ఎవరైనా పాత వాలెట్‌ని మొదటి నుంచి స్కాన్ చేస్తే బోలెడు డేటా లాగుతుంది, మొదటి వారంలో అమ్మతో వీడియో కాల్ మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఇంకొకటి. నా నోడ్‌కి వచ్చేవాళ్ల బ్యాలెన్స్ నాకు కనపడదు, వాలెట్ తాళంచెవులు (రహస్య కీలు) వాళ్ల ఫోన్‌లోనే ఉంటాయి. కానీ వాళ్ల ఐపీ కనిపిస్తుంది, ఏ బ్లాక్ నుంచి అడుగుతున్నారో తెలుస్తుంది, పంపే లావాదేవీ నా మెషీన్‌కే ముందు చేరుతుంది. అలా పోగేసుకోవడానికే నోడ్లు పెట్టేవాళ్లూ ఉన్నారు. అందుకే లాగ్ (నోడ్ రాసుకునే రికార్డు) స్థాయి పెంచలేదు, నోడ్‌కి ముందు ఏ ప్రాక్సీ (వచ్చినవాళ్లను నమోదు చేయగల మధ్యవర్తి సర్వర్) పెట్టలేదు, ఎవరొచ్చారో ఎక్కడా రాసిపెట్టను. నమ్మి వచ్చినవాళ్లకు నేనివ్వగలిగింది అదే.

మే నెలలో గాలివానకు కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, డేటాబేస్ చెడింది. మళ్లీ రెండు రోజులు మొదటి నుంచి. ఇప్పుడు చిన్న యూపీఎస్ ఉంది, డేటాబేస్ సింక్ కూడా సేఫ్‌కి (మార్పులను ఎప్పటికప్పుడు డిస్కుకు రాసే పద్ధతికి) మార్చాను, కొంచెం నెమ్మదే గానీ టెన్షన్ లేదు.

పోయిన నెల టోర్ (వాడేవాళ్ల ఐపీని దాచే నెట్‌వర్క్) అడ్రస్ కూడా జోడించాను. అలా వచ్చేవాళ్ల ఐపీ నాకూ తెలియదు. ఇంకో సంగతి, దానికి స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, పోర్ట్ తెరవక్కర్లేదు, 100.72 వెనకనున్న ఇంటి నుంచి కూడా పనిచేస్తుంది. నెలనెలా డబ్బు కట్టలేనివాళ్లు నేరుగా దీంతోనే మొదలుపెట్టొచ్చు.