అంతా మన దగ్గర్నుంచే వెళ్ళిందా?

నెదర్లాండ్స్‌లో పెరిగే పిల్లలకు డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ ఎవరో చెప్పక్కర్లేదు. తెల్లటి నేల మీద నల్ల గీతలు, అక్కడక్కడా ఎరుపు, పసుపు, నీలం గళ్ళు. కప్పుల మీదా సాక్సుల మీదా కూడా అదే కనిపిస్తుంది. పదకొండేళ్ళ మా పాపకు అదొక డిజైన్, అంతే. అందుకే హేగ్‌లోని కున్స్ట్‌మ్యూజియంలో ఆయనదే ‘ఎవల్యూషన్’ చూసి ఆగిపోయింది. మూడు నిలువు పటాలు. బట్టల్లేని ముగ్గురు స్త్రీలు, నీలిరంగులో. అటూ ఇటూ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకున్నారు, మధ్యలో ఆమె కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. కుడివైపు పటంలో ఆరు కోణాల నక్షత్రాలు. “అమ్మా, అమ్మమ్మ పూజలో త్రిభుజాలు ఇలాగే కదా ఉంటాయి?” అంది.

ఇలాంటి చోట మనవాళ్ళం తొందరపడతాం. అంతా మన దగ్గర్నుంచే వెళ్ళిందని చెప్పేస్తే పిల్లకు మన సంస్కృతి మీద గౌరవం పెరుగుతుందని ఆశ. నేను ఆ మాట చెప్పను. అసలు కథ అంతకంటే బాగుంటుంది, అందులో మన వాటా నిజంగానే ఉంది.

మోండ్రియాన్ 1872లో ఆమర్స్‌ఫోర్ట్‌లో, దైవభక్తి గట్టిగా ఉన్న కాల్వినిస్టు కుటుంబంలో పుట్టాడు. 1909లో దివ్యజ్ఞాన సమాజంలో (థియోసాఫికల్ సొసైటీ) చేరాడు. ఆ సమాజం ప్రధాన కేంద్రం అప్పటికే మద్రాసు అడయారులో ఉంది. కంటికి కనిపించే ప్రపంచం వెనక ఇంకో క్రమం ఉందనీ, మనిషి మెల్లగా అటువైపు ఎదుగుతాడనీ వాళ్ళ నమ్మకం. 1911లో వేసిన ‘ఎవల్యూషన్’ ఆ ఎదుగుదల బొమ్మే. ఒకదాన్లో ఒకటి చొచ్చుకుపోయిన ఆ రెండు త్రిభుజాలు సమాజం ముద్రలోనూ ఉన్నాయి. తర్వాత ఆయన బొమ్మల్లోంచి మనుషులు పోయారు, చెట్లు పోయాయి, నిలువు గీతా అడ్డ గీతా మిగిలాయి. నిలువుగీతలో ఆత్మను, అడ్డగీతలో పదార్థాన్ని చూశాడు. రెండూ లంబంగా కలిసే చోట సమతుల్యం కోసం జీవితాంతం వెతికాడు. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ కళలో ఆధ్యాత్మికత గురించి పుస్తకం తెచ్చిందీ 1911 చివర్లోనే. అందులోనూ సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ ప్రస్తావన ఉంది.

మోండ్రియాన్ చేరిన ఆ 1909లోనే అడయారు ఒడ్డున సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ ఒక తెలుగు పిల్లవాణ్ణి గుర్తించాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. రాబోయే జగద్గురువు ఇతనేనని సమాజం పెద్దలు పెంచారు, అతని కోసం ఒక సంఘమే పెట్టారు. 1929 ఆగస్టు 3న ఆయన ఆ సంఘాన్ని తన నోటితోనే రద్దు చేశాడు. ఎక్కడనుకున్నారు? ఇక్కడే, నెదర్లాండ్స్‌లో, ఒమ్మెన్‌లో. మా అమ్మవాళ్ళది మదనపల్లె వైపు పీలేరు. మదనపల్లె పేరు చెవిన పడగానే పాప అమ్మమ్మకు వీడియో కాల్ చేసింది. తన రెండు ఊళ్ళ మధ్య ఇలాంటి దారి ఒకటి ఉందని తెలిస్తే పిల్లల ముఖంలో వచ్చే వెలుగు నాకు చాలా విలువైంది. అబద్ధం కలిపి దాన్ని పాడుచేయడం నాకిష్టం లేదు.

తేడాలు కూడా చెప్పాను. అమ్మమ్మ పూజలోని శ్రీచక్రంలో తొమ్మిది పెద్ద త్రిభుజాలు, నాలుగు పైకి శివుడివి, ఐదు కిందికి శక్తివి. అవి ఒకదాన్నొకటి కోసుకుంటే నలభైమూడు చిన్న త్రిభుజాలు, నడుమ బిందువు. గీత ఇష్టం వచ్చినట్టు జరపడానికి లేదు, వేసినవాళ్ళు సంతకం పెట్టరు, మంత్రం లేకుండా పూజ లేదు. మోండ్రియాన్‌కు ఆ శాస్త్రం లేదు. గీతల్ని కంటితోనే తూచేవాడు, నచ్చేదాకా జరుపుతూ పోయేవాడు. పూర్తికాకుండానే మిగిలిపోయిన ఆయన చివరి బొమ్మ ‘విక్టరీ బూగీ వూగీ’ ఇదే మ్యూజియంలో ఉంది. దాని మీద ఆయన అంటించిన రంగు టేపు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

రూపం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదని మా పిల్లలకు వేరే చెప్పాల్సిన పని లేదు. మే 4న రాత్రి ఎనిమిదింటికి ఈ దేశమంతా యుద్ధంలో పోయినవాళ్ళ కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉంటుంది. స్వస్తిక్ అంటే పాపకు ముందు గుర్తొచ్చేది నాజీలు, ఆ యుద్ధం. అమ్మమ్మకు పసుపు రాసిన గడప.

ఆ కాలపు ఇంకో చిత్రకారుడు, రష్యాకు చెందిన మాలెవిచ్ సంగతి మరీ వేరు. ఆయన దగ్గర నేను అడయారును వెతకను. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో తన ‘నల్ల చతురస్రం’ బొమ్మను గది మూలలో, పైకప్పుకు దగ్గరగా తగిలించాడు. రష్యన్ ఇళ్ళలో అది దేవుడి పటం ఉండే చోటు. ఇది మా పాపకు వెంటనే అర్థమైంది. దేవుడి అర ఈశాన్యంలోనే ఎందుకని వాళ్ళ నాన్నతో వాదించిన పిల్ల. “దేవుడి చోట పెడితే దేవుడైపోతాడా?” అంది.

ఆ మాటే 1916లో బెన్వా అనే విమర్శకుడు కోపంగా రాశాడు, మరియమ్మ పటాల స్థానంలో వీళ్ళు ఈ చతురస్రాన్ని నిలబెడుతున్నారని. మాలెవిచ్ వెనక్కి తగ్గలేదు. 1935లో ఆయన పోయినప్పుడు తల దగ్గర గోడ మీద ఆ చతురస్రమే ఉంది. పాప ఇప్పటికీ బెన్వా వైపే. నేను మాలెవిచ్ వైపు. ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో మాలెవిచ్ బొమ్మలు చాలానే ఉన్నాయి. మిగతా వాదన అక్కడ చేసుకుంటాం.